ఐదో మెట్టు మీద మలావి రాణులు

2018 ఏప్రిల్లో గోల్డ్ కోస్ట్ కామన్వెల్త్ క్రీడలు జరుగుతున్నప్పుడు నేను ఇంజనీరింగ్ చదువుతున్నాను. మా హాస్టల్లో ఆ వారమంతా వెంకట్ రాహుల్ గురించే మాటలు. మన గుంటూరు జిల్లా స్టువర్టుపురం కుర్రాడు 85 కిలోల విభాగంలో బరువులెత్తి బంగారం కొట్టాడు మరి. ఆ ఊపులో రోజూ ఫలితాల పేజీ తెరిచి చూడటం అలవాటైంది. అలా ఒకరోజు కిందకి జరుపుకుంటూ పోతుంటే ఒక వరస దగ్గర ఆగిపోయాను. నెట్‌బాల్: మలావి 57, న్యూజిలాండ్ 53.

నిజం చెప్పాలంటే అప్పటికి నాకు నెట్‌బాల్ అంటే ఏమిటో సరిగ్గా తెలీదు. న్యూజిలాండ్ తెలుసు. మలావి ఆఫ్రికాలో ఎక్కడో ఉందని తెలుసు. ఆ రెండు పేర్లూ ఒకే వరసలో, అదీ మలావి పక్కన పెద్ద అంకెతో కనపడేసరికి ఇదేమిటో చూద్దామనిపించింది. చూడ్డం మొదలుపెట్టినవాణ్ణి ఇప్పటికీ ఆపలేదు. రూమ్మేట్లు నవ్వేవాళ్ళు, ఇప్పుడు టీమ్మేట్లు నవ్వుతున్నారు.

ఆ అంకెల విలువ తెలియాలంటే ఒక్క సంగతి చాలు. కామన్వెల్త్ క్రీడల్లో నెట్‌బాల్ 1998లో కౌలాలంపూర్‌లో మొదలైంది. అప్పట్నుంచి 2014 దాకా అయిదుసార్లు ఆడితే, అయిదుసార్లూ ఫైనల్లో ఆడింది ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లే. మూడో జట్టుకి ఆ మెట్టు ఎక్కే అవకాశమే రాలేదు. అందులో ఒక ఫైనల్ మన ఢిల్లీలోనే జరిగింది, 2010లో. రెండుసార్లు అదనపు సమయం ఆడించాక న్యూజిలాండ్ 66-64తో గెలిచింది. ఆతిథ్య దేశం కాబట్టి మన అమ్మాయిల జట్టు కూడా ఆ పోటీల్లో ఆడింది. మలావి జట్టూ వచ్చి ఆడి వెళ్ళింది. ఆ ఏడాది మనం మాత్రం కుంభకోణాల వార్తలు చదవడంలో తలమునకలై ఉన్నాం.

అలాంటి న్యూజిలాండ్‌ని మలావి అంతకుముందు ఒక్కసారి కూడా ఓడించలేదు. ఆ రోజు ఓడించింది.

ఇక ఆట గురించి కాస్త. బాస్కెట్‌బాల్‌కి చెల్లెలు అనుకోండి. పది అడుగుల ఎత్తులో రింగు ఉంటుంది గానీ వెనకాల బోర్డు ఉండదు, కాబట్టి బంతిని దేనికో కొట్టి లోపలికి జార్చే సౌకర్యం లేదు. జట్టుకి ఏడుగురు. బంతి చేతికొస్తే మూడు సెకన్లలో వదిలెయ్యాలి. బంతితో పరుగెత్తకూడదు, నేలకి కొట్టుకుంటూ పోకూడదు. గోల్ వెయ్యగలిగేది ఏడుగురిలో ఇద్దరే, అదీ రింగు ముందున్న అర్ధవృత్తంలోంచే. ప్రతి ఒక్కరి చొక్కా మీదా అక్షరాలుంటాయి. ఆ అక్షరాలను బట్టి కోర్టులో ఎవరు ఎంతవరకు తిరగొచ్చో, ఎక్కడ అడుగు పెట్టకూడదో ముందే రాసిపెట్టి ఉంటుంది. మన భాషలో చెప్పాలంటే రోల్ బేస్డ్ యాక్సెస్ కంట్రోల్ :)

ఇన్ని ఆంక్షలెందుకంటారా? ఆడది ఎక్కువ పరిగెత్తకూడదు, మీద మీద పడకూడదు, ఆయాసపడకూడదు అని. బాస్కెట్‌బాల్ 1891లో అమెరికాలో పుట్టింది. నాలుగేళ్ళు తిరక్కుండానే ఇంగ్లండులో ఆడపిల్లలకి వ్యాయామం నేర్పే కాలేజీకి చేరింది. అక్కడ కాస్త కాస్తగా మారుతూ 1901కల్లా సొంత నియమాల పుస్తకంతో వేరే ఆటగా నిలబడింది. విక్టోరియా కాలపు ఇంగ్లండు మర్యాదస్తులకి నచ్చేలా తయారైన ఆట. అక్కణ్ణుంచి టీచర్లతో, మిషనరీలతో కలిసి ఓడలెక్కి సామ్రాజ్యమంతా తిరిగింది. అందుకే ఇవాళ్టికీ నెట్‌బాల్ పటమూ పాత బ్రిటిషు సామ్రాజ్యపు పటమూ ఇంచుమించు ఒకటే.

అలా చేరిన చోట్లలో న్యాసాలాండ్ ఒకటి. 1964 జూలై 6న స్వతంత్రం వచ్చాక మలావి అయింది. విస్తీర్ణంలో మన తెలంగాణ కంటే కాస్తే పెద్దది. అందులోనూ అయిదో వంతు సరస్సే. 2018 జనాభా లెక్కల్లో కోటీ డెబ్భై అయిదు లక్షల మంది తేలారు. సముద్రం లేదు, గనులు పెద్దగా లేవు, పొగాకు అమ్ముకుని బతికే దేశం. ప్రపంచంలో అతి పేద దేశాల జాబితా ఎవరు వేసినా పేరు పైవరసల్లోనే ఉంటుంది.

మిషన్ బళ్ళల్లో పంపకం సులువుగా జరిగిపోయింది. మగపిల్లలకి ఫుట్‌బాల్, ఆడపిల్లలకి నెట్‌బాల్. మన దగ్గరా అంతే కదా, అబ్బాయిలకి క్రికెట్టు, అమ్మాయిలకి త్రోబాల్, టెన్నికాయిట్ అని ఎవరో ఎప్పుడో పంచేశారు. మా ఆఫీసు స్పోర్ట్స్ డేలో ఇప్పటికీ ఆ పంపకమే నడుస్తోంది. తేడా ఏమిటంటే మలావిలో ఆ పంపకం ఊరూరికీ చేరింది. రెండు కర్రలు పాతి, వాటికి రెండు ఇనప చుట్టలు తగిలిస్తే చాలు, మట్టి నేల మీద ఆట మొదలు. బంతి లేకపోతే ప్లాస్టిక్ సంచులు ఉండగా చుట్టి తాడుతో బిగిస్తారు. నేలకి కొట్టి ఆడే ఆట కాదు గనక బంతి ఎగరకపోయినా ఫర్వాలేదు! ఈ చిన్న సంగతి నాకు చాలా పెద్దగా కనపడుతుంది. బాస్కెట్‌బాల్‌కి నున్నటి నేలా, ఎగిరే బంతీ కావాలి. నెట్‌బాల్‌కి రెండూ అక్కర్లేదు. మర్యాద కోసం పెట్టిన ఆంక్ష పేదరికంలో సౌకర్యమైంది.

స్వతంత్రం వచ్చాక ముప్ఫై ఏళ్ళు ఆ దేశాన్ని ఏలింది హేస్టింగ్స్ కముజు బండా అనే ఆయన. ఆయన రాజ్యంలో ఆడవాళ్ళు ప్యాంటు వేసుకోకూడదు, మోకాలు దాటి పైకుండే స్కర్టు వేసుకోకూడదు. 1973లో ఏకంగా చట్టమే చేశారు. ఆయన ఎక్కడికెళితే అక్కడ ఆయన బొమ్మ అచ్చేసిన బట్టలు కట్టుకుని గుంపులుగా నాట్యం చెయ్యడం ఆడవాళ్ళ విధి. 1993 ప్రజాభిప్రాయ సేకరణలో జనం బహుళ పార్టీలు కావాలన్నారు, 1994 ఎన్నికల్లో ఆయన్ని దించేశారు. దుస్తుల చట్టం కూడా ఆ మార్పుల్లోనే పోయింది. కొత్త ప్రభుత్వం వచ్చిన ఆ 1994లోనే ప్రాథమిక విద్య ఉచితం చేశారు. గదులు లేవు, టీచర్లు లేరు, చెట్ల కింద పాఠాలు. చదువు నాణ్యత ఏమైందనేది వేరే కథ. కానీ బడి గడప తొక్కిన ఆడపిల్లల సంఖ్య మాత్రం బాగా పెరిగింది.

ఇక్కడ నాదో ఊహ, ఎవరైనా కాదంటే వినడానికి సిద్ధమే. ఆ జట్టు పేరు ప్రపంచానికి తెలిసేలా ఆడిన అమ్మాయిల్లో చాలామంది ఎనభైల చివర్లో, తొంభైల మొదట్లో పుట్టినవాళ్ళు. అంటే ఉచిత విద్య వచ్చాక బడిలో పడ్డవాళ్ళు. బడికి రాని పిల్లకి నెట్‌బాల్ లేదు. బడికి వచ్చిన పిల్లకి పాఠం అందినా అందకపోయినా సాయంత్రం ఆ రింగు మాత్రం అందింది. ఒక దేశం క్రీడా విధానం అంటూ ఏదీ లేకుండానే లక్షలాది మందిలోంచి ఏరుకునే అవకాశం పొందిందన్నమాట.

పెద్దయ్యాక ఆడటానికి క్లబ్బులున్నాయి. మన దగ్గర రైల్వేలూ బ్యాంకులూ ఆటగాళ్ళని పోషించినట్టే అక్కడ పోలీసు శాఖకి బ్లూ ఈగిల్స్ సిస్టర్స్, ప్రభుత్వోద్యోగుల వైపునుంచి సివొనెట్స్. బ్లాంటైర్‌లో కుకోమా డైమండ్స్ అనే గట్టి జట్టుంది, కుకోమా అంటే వంటనూనె బ్రాండు.

2007లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫిజీలో జరగాలి. అంతకుముందు డిసెంబర్లో అక్కడ సైనిక తిరుగుబాటు రావడంతో ఆక్లండ్‌కి మార్చారు. అక్కడ మలావి క్వీన్స్ అయిదో స్థానంలో నిలిచారు. వాళ్ళ పైన ఉన్నవాళ్ళు ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, జమైకా, ఇంగ్లండు. కింద ఆరో స్థానంలో ఎవరో తెలుసా? దక్షిణాఫ్రికా. పాత వైభవం, డబ్బు, స్టేడియాలు అన్నీ ఉన్న దక్షిణాఫ్రికా, 1995లో రన్నరప్‌గా నిలిచిన దక్షిణాఫ్రికా. ఈ పోలిక గుర్తుంచుకోండి, మళ్ళీ వద్దాం.

వాళ్ళ ఆట చూస్తే ముందు తికమకగా ఉంటుంది. ఆస్ట్రేలియా వాళ్ళు ఎవరి మనిషిని వాళ్ళు అంటిపెట్టుకుని, కొలిచినట్టు పాసులిస్తారు. మలావి వాళ్ళు పొట్టి పొట్టి పాసులతో మూడు సెకన్ల గడువులో ఒక్క సెకను కూడా వాడుకోకుండా బంతిని తిప్పేస్తారు. కాపలా కాసేటప్పుడు తన మనిషిని వదిలేసి బంతి మీదకి దూకుతారు. దొరికితే దొరికినట్టు, లేకపోతే వెనకాల ఖాళీ. కోచింగ్ పుస్తకాలు వద్దనే పద్ధతి. ఎదుటివాళ్ళు ఈ వేగానికి అలవాటు పడేలోపు నాలుగైదు గోల్స్ తేడా వచ్చేస్తుంది.

ఆ వేగానికి చివర, రింగు కింద ఒక మనిషి ఉండాలి కదా. ఆమె పేరు మ్వాయి కుమ్వెండా.

1989లో ఉత్తర మలావిలో పుట్టింది. గోల్ షూటర్. గోల్ షూటర్లు మామూలుగా స్తంభాల్లాంటి మనుషులు, రింగు కింద పాతుకుపోయి పైనుంచి వచ్చే బంతిని అందుకుని వేసేస్తారు. కుమ్వెండా అలా నిలబడదు. గీత అంచున ఒంటికాలి మీద వంగి, బయటికి పోతున్న బంతిని ఒంటిచేత్తో వెనక్కి లాక్కుని, ఒళ్ళు ఇంకా ఊగుతుండగానే షాట్ వేస్తుంది. అది పడుతుంది కూడా! వీడియోలో చూసినప్పుడల్లా ఇది శిక్షణలో నేర్పేది కాదనిపిస్తుంది. వంకర రింగులు, గుండ్రంగా లేని బంతులు, గతుకుల నేలా కలిసి నేర్పినదై ఉండాలి.

2015లో సిడ్నీలో జరిగిన ప్రపంచకప్పులో టోర్నీ అత్యుత్తమ క్రీడాకారిణి ఆమే. ఫైనల్ ఆడిన జట్ల నుంచి కాదు, ఆరో స్థానంలో నిలిచిన జట్టు నుంచి! అప్పటికే ఆమె న్యూజిలాండ్‌లో టాక్టిక్స్ జట్టుకి ఆడుతోంది. 2017లో ఆస్ట్రేలియా లీగులో మెల్‌బోర్న్ విక్సెన్స్‌కి వెళ్ళింది. 2020లో ఆ జట్టు లీగు గెలిచింది, ఫైనల్ 66-64. అంటే మనలాగే ఆన్‌సైట్ అన్నమాట. కాకపోతే మనలో వందమంది వెళ్తే ఒకరు పేరు తెచ్చుకుంటారు, అక్కణ్ణుంచి వెళ్ళింది వేళ్ళ మీద లెక్కపెట్టేటంత మంది. జాయిస్ మ్వులా ఇంగ్లండులో మాంచెస్టర్ థండర్‌కి ఆడింది, 2019లోనూ 2022లోనూ టైటిల్ గెలిచిన జట్టు అది. 2022లో ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు వాళ్ళు.

ఇప్పుడు గోల్డ్ కోస్ట్‌కి తిరిగొద్దాం. న్యూజిలాండ్ డిఫెండర్లకి కుమ్వెండా కొత్త కాదు. కొన్నేళ్ళపాటు వాళ్ళ గడ్డ మీదే వాళ్ళతో ఆడింది. ఆమె ఎటు తిరుగుతుందో వాళ్ళ దగ్గర వీడియోలూ విశ్లేషణలూ ఉంటాయి. అయినా 57-53. ఆ దెబ్బ మామూలుది కాదు. న్యూజిలాండ్ ఆ తర్వాత గ్రూపులో ఇంగ్లండు చేతిలో కూడా ఓడింది, చివరికి కంచు పతకం మ్యాచ్‌లో జమైకా చేతిలో ఓడి నాలుగో స్థానంతో ఇంటికెళ్ళింది. అయిదు ఫైనల్స్ పరంపర అక్కడితో తెగింది. జూలైకల్లా కోచ్ జనీన్ సౌత్‌బీ తప్పుకుంది. విచారణలు, సమీక్షలు జరిగాయి. నోలీన్ టౌరువా వచ్చి జట్టుని కూడగట్టి మరుసటి ఏడాది లివర్‌పూల్‌లో ఏకంగా ప్రపంచకప్పు కొట్టింది, ఆస్ట్రేలియా మీద 52-51తో.

అదే క్రీడల్లో న్యూజిలాండ్‌ని ఓడించిన మలావి ఏ స్థానంలో ముగించిందో చెప్తే మీరు నమ్మరు. ఏడు.

నేనూ ముందు నమ్మలేదు, పట్టికలు తిరగేశాను. ఒకరోజు ఎవరినైనా ఓడించగల జట్టు వారం రోజులపాటు ఆ స్థాయిలో నిలబడలేదు. పన్నెండు మందిని తీసుకెళ్తారు, ఏడుగురు ఆడతారు. పెద్ద జట్లకి ఆ మిగతా అయిదుగురూ ఇంచుమించు మొదటి ఏడుగురితో సమానం. షూటర్ అలసిపోతే ఇంకో షూటర్ వస్తుంది, తేడా తెలీదు. మలావికి ఆ వెసులుబాటు తక్కువ. ప్రాజెక్టు మొత్తం ఒకరిద్దరి మీద నడిస్తే వాళ్ళు సెలవు పెట్టిన రోజు ఏమవుతుందో మనకి వేరే చెప్పక్కర్లేదు.

ఇంతకీ ఆ అయిదుగురు ఎందుకు లేరు? ప్రతిభ లేకనా? ఇక్కడే దక్షిణాఫ్రికా పోలిక కావాలి. 2007లో మలావి అయిదు, దక్షిణాఫ్రికా ఆరు. 2011లో సింగపూర్‌లో దక్షిణాఫ్రికా అయిదు, మలావి ఆరు. 2015లోనూ అంతే. ఎనిమిదేళ్ళపాటు రెండూ పక్కపక్క మెట్ల మీద, భుజం భుజం రాసుకుంటూ ఉన్నాయి. ఆ కాలంలో దక్షిణాఫ్రికాకి మూడు దొరికాయి. 2014లో ఒక మద్యపానీయాల బ్రాండు పేరుతో స్వదేశీ లీగు మొదలైంది, టీవీలో వచ్చేలా. 2015లో నోర్మా ప్లమ్మర్ కోచ్‌గా వచ్చింది, ఆస్ట్రేలియాకి 2007, 2011 ప్రపంచకప్పులు గెలిపించిన కోచ్. 2016లో క్వాడ్ సిరీస్ అని పెట్టారు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, ఇంగ్లండుతో పాటు నాలుగో జట్టుగా దక్షిణాఫ్రికాని పిలిచారు. ఏటా అతి పెద్ద జట్లతో ఆడి ఓడే అవకాశం. నా దృష్టిలో ఈ మూడోదే అసలైనది. గట్టివాళ్ళ చేతిలో పదిసార్లు ఓడితేనే పదకొండోసారి ఎక్కడ నొక్కాలో తెలుస్తుంది. 2019 సెమీఫైనల్లో దక్షిణాఫ్రికా ఆస్ట్రేలియా చేతిలో 55-53తో ఓడింది, రెండే గోల్స్ తేడా! నాలుగో స్థానం. మలావి మళ్ళీ ఆరు.

మలావిని ఎందుకు పిలవలేదంటే కారణం కనపడుతూనే ఉంది. పిలిస్తే విమానం టిక్కెట్లు ఎవరు కొంటారు, మ్యాచ్ హక్కులు ఎవరు కొంటారు, మలావిలో పెడితే అంత పెద్ద ఇండోర్ హాలేది? నెట్‌బాల్‌ని అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 1995లోనే గుర్తించింది గానీ ఒలింపిక్స్‌లో ఇంతవరకూ ఆడించలేదు. ఆడించి ఉంటే, ఒక్క ఒలింపిక్ పతకం కూడా లేని మలావి ఆ ఆట మీద పెట్టే శ్రద్ధ వేరుగా ఉండేది. ఇప్పుడేమో అక్కడ కూడా ప్రాణం ఫుట్‌బాల్ మీదే. మగవాళ్ళ జట్టు ఫ్లేమ్స్ ప్రపంచకప్పుకి ఎప్పుడూ అర్హత సాధించలేదు, ఫిఫా ర్యాంకుల్లో వందకి అటూ ఇటూ తిరుగుతుంటుంది. ప్రపంచంలో మొదటి ఏడింట్లో ఉన్న ఆడవాళ్ళ జట్టు కంటే ఆ జట్టు గురించే ఎక్కువ ఆవేశపడతారు. మనకి నవ్వే హక్కు లేదు లెండి, మన హాకీ అమ్మాయిల్ని అడగండి.

అయితే జమైకా సంగతేమిటి అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్న. వాళ్ళనీ క్వాడ్ సిరీస్ మొదలుపెట్టినప్పుడు పిలవలేదు, వాళ్ళదీ చిన్న దేశమే, డబ్బూ అంతంతే. అయినా 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో ఫైనల్‌కి వెళ్ళి రజతం తెచ్చుకున్నారు. నాకు తోచిన జవాబు, వాళ్ళ అమ్మాయిలు ఆస్ట్రేలియా లీగులో ఒకరు కాదు, చాలామంది ఉన్నారు. జనీల్ ఫౌలర్, షమేరా స్టెర్లింగ్, రొమెల్డా ఐకెన్. రింగుకి ఈ చివర వేసేవాళ్ళూ, ఆ చివర ఆపేవాళ్ళూ. ఏడాదంతా గట్టివాళ్ళతో ఆడటం అనే చదువు వాళ్ళకి వేరే దారిలో దొరికింది. మలావి నుంచి ఆ లీగులో పేరు తెచ్చుకున్నది ఒక్క కుమ్వెండా.

ఈలోగా ఇంకో మార్పు జరిగింది. ఆఫ్రికాలో మలావిని దాటేవాళ్ళు దక్షిణాఫ్రికా ఒక్కటే కాదని తేలింది. 2019 లివర్‌పూల్ పట్టిక చూడండి. దక్షిణాఫ్రికా 4, మలావి 6, ఉగాండా 7, మొదటిసారి వచ్చిన జింబాబ్వే 8. మొదటి ఎనిమిదింట్లో సగం ఆఫ్రికా! ఉగాండా వాళ్ళు 2018లో కంపాలాలో జరిగిన ప్రపంచ విశ్వవిద్యాలయాల నెట్‌బాల్ పోటీ గెలిచారు. వాళ్ళ కెప్టెన్ పీస్ ప్రోస్కోవియా ఇంగ్లండులోనూ ఆస్ట్రేలియాలోనూ ఆడింది. 2023లో ప్రపంచకప్పు మొట్టమొదటిసారి ఆఫ్రికా గడ్డ మీదికొచ్చింది, కేప్‌టౌన్‌కి. ఉగాండా అయిదు, దక్షిణాఫ్రికా ఆరు, మలావి ఏడు. 2007లో తను ఎక్కిన మెట్టు మీద ఇప్పుడు ఇంకొకరున్నారు.

కొందరు దీన్ని పతనం అని రాశారు. నాకలా అనిపించదు. మలావి కిందకి జారలేదు, ఉన్నచోటే ఉంది, పక్కనున్నవాళ్ళు కదిలారు. పదహారేళ్ళపాటు, ఒకటి తర్వాత ఒకటిగా అయిదు ప్రపంచకప్పుల్లో 5, 6, 6, 6, 7 అని నిలబడటం ఆ దేశం ఇంకే జట్టు ఆటలోనూ చెయ్యలేదు.

పైగా ఆడపిల్లలకి నెట్‌బాల్ ఒక్కటే అన్న పాత పంపకం కూడా ఇప్పుడు చెదిరిపోతోంది. టెంవా చవింగా అనే మలావి అమ్మాయి 2024లో అమెరికా మహిళల ఫుట్‌బాల్ లీగులో కాన్సస్ సిటీకి ఆడి 20 గోల్స్ కొట్టి, ఆ ఏడాది అత్యుత్తమ క్రీడాకారిణి అయింది. ఆమె అక్క టబీతా ఫ్రాన్సులో పారిస్‌కీ లియాన్‌కీ ఆడింది. పన్నెండేళ్ళ పిల్లకి బడి వెనకాల మైదానంలో ఇప్పుడు రెండు దారులున్నాయి. ఒక దాంట్లో డబ్బూ టీవీ ఉన్నాయి. రెండోదాంట్లో రెండు కర్రలూ రెండు ఇనప చుట్టలూ.

వచ్చే ప్రపంచకప్పు 2027లో, మళ్ళీ సిడ్నీలో. అప్పటికి కుమ్వెండాకి 38 ఏళ్ళుంటాయి. నేను మాత్రం సెలవు ఇప్పుడే అడిగి పెట్టుకుంటాను, మేనేజరు కారణం అడిగితే ఏం చెప్పాలో ఇంకా ఆలోచించలేదు.